పది మీటర్ల స్నేహం

క్రికెట్‌లో బౌలర్ బంతి తిప్పి బ్యాటర్‌ను బోల్తా కొట్టిస్తాడు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని నలుగురూ కలిసి పట్టేస్తారు. చదరంగంలో ఎదుటివాడి ఎత్తు ముందే పసిగట్టి దారి మూసేయాలి. పిస్టల్ షూటింగ్‌లో ఇవేవీ కుదరవు. పక్క లేన్‌లో నిలబడ్డ మనిషి ఎంత బాగా కాల్చినా మీ స్కోరులో ఒక్క పాయింటూ తగ్గదు. మీకు ఎంత కసి ఉన్నా అతని పెల్లెట్ దారి మారదు. ఎవరి లేన్ వారిది, ఎవరి టార్గెట్ వారిది. ఆఖరి షాట్ అయ్యాక రెండు స్కోర్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడే ఎవరు నెగ్గారో తెలిసేది.

ఎదుటివాణ్ని అడ్డుకునే వీలు లేని ఆటలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారు? ఆదివారం పొద్దున ఏదైనా షూటింగ్ క్లబ్బుకు వెళ్లి, సభ్యులు తమలో తాము పెట్టుకునే స్నేహపూర్వక పోటీని కాసేపు చూడండి. పోటీకి పది నిమిషాల ముందు ఒకరి పిస్టల్ సైట్ స్క్రూ వదులైతే, అతనితో తలపడాల్సిన మనిషే తన పెట్టె తెరిచి స్క్రూడ్రైవర్ అందిస్తాడు. పెల్లెట్లు ఇంట్లో మరిచిపోయి వచ్చిన కుర్రాడి ముందుకు మూడు డబ్బాలు వస్తాయి. నిరుటి విజేత, ఈసారి తనను దాటేసేలా ఉన్న అమ్మాయి దగ్గరికెళ్లి, ‘భుజం బిగుసుకుపోయింది తల్లీ, ఓసారి చెయ్యి విదిల్చుకో’ అని చెప్పి వస్తాడు. వీళ్లెవరూ పోటీని తేలిగ్గా తీసుకున్నవాళ్లు కాదు. మరో పావుగంటలో ప్రతి పాయింటు కోసం ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ సాయం, ఈ పట్టుదల ఒకే మనిషిలో ఒకే పూట కలిసి ఉండటమే ఈ పోటీల గొప్పతనం. మన ఊళ్లలో అవి ఇంకా చాలా జరగాలన్నదే ఈ కథనం చెప్పదలచుకున్న మాట.

సినిమాకు దూరంగా

పిస్టల్ అనగానే మన కళ్ల ముందు సినిమా తిరుగుతుంది. పరుగులు, పేలుళ్లు, పగిలే అద్దాలు. క్లబ్బులో కనిపించేది వేరు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మందుగుండు ఉండదు. గొట్టం కింద చిన్న సిలిండర్‌లో బిగించిన గాలి, 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను ముందుకు తోస్తుంది. ‘టప్’మని చిన్న చప్పుడు, అంతే. పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు. మీట నొక్కిన తరవాత రెప్పపాటు కూడా పట్టదు టార్గెట్ చేరడానికి.

ఆ టార్గెట్ నడుమ ఉన్న ‘పది’ వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. చూపుడువేలి గోరంత. దాని లోపల ఇంకా చిన్నది, 5 మిల్లీమీటర్ల ‘ఇన్నర్ టెన్’. ఇద్దరి స్కోరూ సమానమైతే ఎవరికి ఎక్కువ ఇన్నర్ టెన్లు ఉన్నాయో చూస్తారు. నల్లగా కనిపించే వృత్తం మొత్తం కలిపి ఆరు సెంటీమీటర్లు లేదు. దాన్ని పది మీటర్ల దూరం నుంచి, నిలబడి, ఒకే ఒక్క చేత్తో పట్టుకున్న ఆయుధంతో కొట్టాలి. రెండో చెయ్యి సాయం పట్టకూడదు. మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదన్నది నిబంధన. అందుకే కాల్చే చేతికి వాచీ, కడియం, గాజులు ఏవి ఉన్నా తీసి పక్కన పెట్టి లైన్‌లోకి వస్తారు. బూట్లు కూడా చీలమండను కప్పకూడదు. పిస్టల్ బరువు కిలోన్నర దాటకూడదు. ట్రిగ్గర్ మాత్రం కనీసం అరకిలో బరువును మోయగలగాలి, అంతకంటే తేలిగ్గా జారిపోతే తనిఖీలోనే పక్కన పెట్టేస్తారు.

ఒలింపిక్స్‌లో అర్హత పోటీ అరవై షాట్లది. సర్దుకోవడానికీ, సైటర్లనే తూకపు షాట్లు కాల్చుకోవడానికీ ముందు 15 నిమిషాలు ఇస్తారు. ఆ తరవాత పోటీకి 75 నిమిషాలు. మహిళలకు ఒకప్పుడు నలభై షాట్లే ఉండేవి, 2018 నుంచి వాళ్లకూ అరవయ్యే. క్లబ్బు పోటీలకు ఇంత పెద్ద లెక్క అక్కర్లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఉంటే ఇరవై షాట్లతో ముగిస్తారు, అలవాటైనవాళ్లుంటే నలభై. ఆపైన సరదా పోటీ ఒకటి ఉంటుంది. ఇద్దరిద్దరు నిలబడి ఒక్కో షాట్ కాల్చాలి, తక్కువ వచ్చినవారు పక్కకు తప్పుకోవాలి. అప్పటిదాకా గుసగుసలు కూడా లేని హాల్లో ఒక్కసారిగా ఈలలు మొదలవుతాయి. ఇందులో తప్పేమీ లేదు. పెద్ద పోటీల ఫైనల్స్‌లోనూ ఇప్పుడు సంగీతం పెడతారు, ప్రేక్షకులను చప్పట్లు కొట్టమంటారు. ఆ గోలలోనూ గురి నిలబడాలి.

గీత తెగిందా లేదా

ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఉన్నచోట షాట్ పడిన వెంటనే పక్కనున్న తెర మీద చుక్క కనిపిస్తుంది, స్కోరూ వస్తుంది. వాటి సౌకర్యం కాదనలేం. అయినా స్నేహపూర్వక పోటీకి కాగితపు టార్గెట్టే అందం అంటాను. కాగితమైతే పోటీ అయ్యాక అందరూ ఒక బల్ల చుట్టూ చేరాల్సి వస్తుంది. పెల్లెట్ చేసిన రంధ్రం వలయపు గీతను కాస్త ముట్టినా పై అంకె ఇవ్వాలి. ముట్టిందా లేదా అన్న అనుమానం వస్తే గేజ్ అనే చిన్న పరికరాన్ని ఆ రంధ్రంలో పెట్టి భూతద్దంతో చూస్తారు.

ఆ బల్ల దగ్గర వినిపించే మాటలు ఈ ఆట గురించి ఏ పుస్తకం కన్నా బాగా చెబుతాయి. ‘తొమ్మిదేలెండి సార్, వదిలేయండి’ అని కాల్చినవాడు అంటాడు. ‘వదిలేయడమేంటి బాబూ, గీత తెగింది కదా, ఇది పదే’ అని వాదించేది ఎదుటివాడు. ఆ ఒక్క పాయింటుతో తన స్థానం కిందికి పోతుందని తెలిసే వాదిస్తాడు. తనకు రావాల్సింది ఇంకొకరికి పోవడం లేదు, ఎదుటివారికి న్యాయంగా రావాల్సిందే వారికి వస్తోంది అన్న స్పష్టత అతనికి ఉంటుంది.

ఇంటర్ చదివే అమ్మాయీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ, పదవీ విరమణ చేసిన పెద్దాయనా, ఇద్దరు పిల్లల తల్లీ ఒకే వరసలో నిలబడి సమానంగా పోటీ పడగల ఆటలు మనకు ఎన్ని ఉన్నాయి? ఇక్కడ వేగం అక్కర్లేదు, కండబలం పెద్దగా అక్కర్లేదు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారికీ అదే దూరం, అదే టార్గెట్. పారాలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్ పోటీలు ఎప్పటినుంచో ఉన్నాయి; పారిస్‌లో 2024లో రుబినా ఫ్రాన్సిస్ మనకు అందులోనే కాంస్యం తెచ్చింది. అయితే, అందరికీ ఒకే కొలమానం పెడితే కొత్తవాళ్లు మొదటి నెలలోనే నీరసపడతారు. ఎవరి పాత సగటు కన్నా వారు ఎంత మెరుగయ్యారో లెక్కగట్టి ఒక బహుమతి ఇచ్చే క్లబ్బుల్లో ఈ ఇబ్బంది తీరిపోతుంది. అరవై షాట్లకు 560 కాల్చే మనిషి 562 తెస్తే రెండు పాయింట్ల మెరుగు. 470 కాల్చే పిల్లాడు 490 తెస్తే ఇరవై. ఆ రోజు కప్పు పిల్లాడిది, చప్పట్లు అందరివీ.

గురి ఎక్కడ ఉంటుంది

బయటినుంచి చూసేవాళ్లు అనుకునేది ఒకటే: చెయ్యి వణకకపోతే చాలు, గురి తప్పదని. కానీ చెయ్యి అందరిదీ వణుకుతుంది. ఒలింపిక్ విజేతదీ వణుకుతుంది. కిలో బరువును చాచిన చేత్తో పట్టుకుని నిలబడితే భుజం, శ్వాస, గుండె చప్పుడు అన్నీ కలిసి పిస్టల్ కొసను ఊపుతూనే ఉంటాయి. ఆ ఊపును పూర్తిగా ఆపాలని చూసేవాడే చెడిపోతాడు.

లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. పిస్టల్ మీద వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె ఉంటాయి, వాటినే రేర్ సైట్, ఫ్రంట్ సైట్ అంటారు. రెంటి మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. ఈ రెండూ సరిగ్గా ఒక వరసలో ఉండి, పిస్టల్ మొత్తం అయిదు మిల్లీమీటర్లు పక్కకు ఊగిందనుకోండి, పెల్లెట్ కూడా అయిదు మిల్లీమీటర్లే పక్కకు పడుతుంది. అంటే అది ఇంకా పదే. అదే చెయ్యి కదలకుండా ఉండి, ఫ్రంట్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. పది మీటర్ల దూరం చేరేసరికి ఆ మిల్లీమీటరు మూడు సెంటీమీటర్లవుతుంది. పడేది ఏడు.

అందుకే కోచ్‌లు మొదటి రోజు నుంచీ ‘టార్గెట్‌ను చూడొద్దు, ఫ్రంట్ సైట్‌ను చూడు’ అని పోరుతుంటారు. కంటికి రెండు దూరాలు ఒకేసారి స్పష్టంగా కనిపించవు. దిమ్మె అంచులు పదునుగా కనిపించాలి, టార్గెట్ మసకగా ఉండాలి. కొట్టాల్సిన దాన్ని మసకగా వదిలేసి చేతిలో ఉన్నదాన్ని స్పష్టంగా చూడటం మనసుకు చాలా కష్టం. మనసు నల్లచుక్క వైపే పరుగెడుతుంది. పెల్లెట్ ఎక్కడ పడిందో చూడాలన్న తొందర షాట్ వెళ్లకముందే తల లేపేలా చేస్తుంది. షాట్ వెళ్లాక కూడా ఒకటి రెండు సెకన్లు అదే భంగిమలో ఉండాలని చెప్పేది ఈ తొందరను ఆపడానికే.

ఈ సాధనలో సగం ఇంట్లోనే జరుగుతుంది. పెల్లెట్ లేకుండా తెల్లగోడ వైపు పిస్టల్ ఎత్తి, ట్రిగ్గర్ మాత్రం నొక్కే అభ్యాసాన్ని డ్రై ఫైర్ అంటారు. గోడ మీద నల్లచుక్క ఉండదు కాబట్టి కళ్లు ఫ్రంట్ సైట్‌ను వదిలిపెట్టవు. పెద్ద పెద్ద షూటర్లు కూడా ఏళ్ల తరబడి రోజూ చేసే పని ఇది.

దించడమూ ఆటే

క్లబ్బు పోటీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం షాట్ కాల్చడం కాదు, కాల్చకుండా చెయ్యి దించేయడం. షూటర్ పిస్టల్ ఎత్తుతాడు, నల్లచుక్క దాటి పైకి తీసుకెళ్లి మెల్లగా కిందికి దించుతాడు, గురి కుదురుతుంది, వేలు ట్రిగ్గర్ మీద బరువు పెంచుతూ ఉంటుంది. ఆ స్థిమితం నిలిచేది కొద్ది సెకన్లే. ఆలోపు షాట్ వెళ్లకపోతే కంట్లో బొమ్మ మసకబారుతుంది, భుజం అలసిపోతుంది. అప్పుడు ‘ఇంతసేపు పట్టుకున్నాను కదా, నొక్కేస్తే పోలా’ అనిపిస్తుంది. అలా నొక్కిన షాట్లే ఏడులూ ఎనిమిదులూ అవుతాయి. చెయ్యి దించి, ఊపిరి పీల్చి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే మనిషికి పదులు వస్తాయి.

ఇది తెలియనివాళ్లు లేరు. పోటీలో చేయడమే కష్టం. ఒంటరిగా సాధన చేసేటప్పుడు నాలుగుసార్లు దించి అయిదోసారి కాల్చే పిల్లలు కూడా, పక్కన ఎనిమిదిమంది నిలబడి, గడియారం తిరుగుతూ, వెనక అమ్మానాన్నలు చూస్తుంటే చెయ్యి దించలేరు. దించితే భయపడ్డామని అనుకుంటారేమోనన్న బెరుకు. ఈ బెరుకు పోవాలంటే ఉపన్యాసాలు పనికిరావు. పోటీలే కావాలి, అదీ ఓడిపోయినా ఏమీ పోని పోటీలు. నెలకొకటి చొప్పున ఏడాదంతా.

మన పిల్లలకు అవి ఎక్కడ దొరుకుతున్నాయి? చాలామంది పిల్లలు ఆరేడు నెలలు అకాడమీలో సాధన చేసి నేరుగా రాష్ట్ర స్థాయి పోటీకి వెళ్తారు. జీవితంలో మొదటిసారి ‘స్టార్ట్’ అన్న కమాండ్ వినేది అక్కడే. సాధనలో 550 దాటిన పిల్ల 510కి పడిపోయి, కళ్లనీళ్లు పెట్టుకుని బయటికొస్తుంది. తల్లిదండ్రులు పిస్టల్ మార్చాలేమో అనుకుంటారు. మారాల్సింది పిస్టల్ కాదు. ఆ పిల్ల గుండె దడదడలాడుతుండగా కాల్చడం అప్పటికే కొన్నిసార్లు అనుభవించి ఉండాల్సింది, తెలిసినవాళ్ల మధ్య, ఓడినా నవ్వుతూ టీ తాగగలిగిన చోట. పతకాల కోసం పెట్టే ఖర్చులో పదో వంతు ఇలాంటి పోటీల మీద పెడితే చాలని నా నమ్మకం.

నమ్మకానికి పునాది

స్నేహపూర్వకం అన్న మాట విని ఎవరైనా నిబంధనలు సడలిస్తారనుకుంటే పొరపాటు. పోటీ ఎంత చిన్నదైనా భద్రతలో తేడా ఉండదు. లైన్ దగ్గరికి వచ్చేదాకా పిస్టల్ పెట్టెలోనే ఉండాలి. బయటికి తీశాక గొట్టం పొడవునా ఫ్లాగ్ అనే, కళ్లకు కొట్టొచ్చే రంగు తాడు దూరి ఉండాలి. అది కనిపిస్తోందంటే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే అందరికీ తెలుస్తుంది. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. ‘స్టాప్’ అనగానే వేలు ట్రిగ్గర్ మీది నుంచి రావాలి, అది అరవయ్యో షాట్ అయినా సరే. ‘అన్‌లోడ్’ అన్నాక అధికారి వచ్చి చూసేదాకా ఎవరూ ముందుకు కదలరు. మాట వినని మనిషి ఎంత గొప్ప షూటరైనా ఆ రోజుకు బయటికే.

ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న షూటర్‌ను నిన్న చేరిన కుర్రాడు ఆపవచ్చు. ‘సార్, ఫ్లాగ్ పెట్టలేదు’ అని ఎవరైనా అనొచ్చు. ఆయన నొచ్చుకోడు, థ్యాంక్స్ చెబుతాడు. పక్కనున్న మనిషి చేతిలో ఉన్నది ప్రమాదకరమైన వస్తువని అందరికీ తెలుసు. ఒకరి జాగ్రత్త మీద ఇంకొకరి క్షేమం ఆధారపడి ఉందని ప్రతి నిమిషం గుర్తుంటుంది. ఈ ఆటలో కనిపించే ఆత్మీయత అక్కడినుంచే మొదలవుతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. పోటీ అయ్యాక టీ దగ్గరికి వెళ్లేముందు సబ్బుతో చేతులు కడుక్కోమని పిల్లల వెంటపడటం కూడా ఇందులో భాగమే. పెల్లెట్లు సీసంతో చేసినవి, ఆ చేత్తో ఏదీ తినకూడదు.

ప్రత్యర్థులే సాక్షులు

హంగేరీ సైనికుడు కరోలీ టాకాక్స్ కథ షూటింగ్ క్లబ్బుల్లో తరచూ వినిపిస్తుంది. 1938లో సైనిక శిక్షణలో గ్రెనేడ్ పేలి అతని కుడిచెయ్యి పోయింది. అతను కాల్చే చెయ్యి అదే. ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన చేసి, 1939లో జాతీయ పోటీకి వచ్చి నెగ్గాడు. యుద్ధం వల్ల రెండు ఒలింపిక్స్ జరగలేదు. 1948లో లండన్‌కు వచ్చినప్పుడు, అప్పటి ప్రపంచ విజేత, అర్జెంటీనాకు చెందిన కార్లోస్ ఎన్రికే డియాజ్ సాయెంజ్ వాలియెంతే అతన్ని చూసి ఇక్కడికెందుకు వచ్చావని అడిగాడట. నేర్చుకోవడానికి వచ్చానన్నాడు టాకాక్స్. పోటీ అయ్యాక స్వర్ణం టాకాక్స్‌ది, రజతం వాలియెంతేది. నీకు సరిపడా నేర్చుకున్నావని అభినందించింది కూడా ఆ ఓడిన మనిషే. టాకాక్స్ 1952లో హెల్సింకీలో మళ్లీ స్వర్ణం గెలిచాడు.

ఇంకో సంఘటన ఇంతకన్నా లోతైనది. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ మొదలైన రోజుల్లోనే రష్యా, జార్జియా దేశాల మధ్య యుద్ధం చెలరేగింది. మహిళల ఎయిర్ పిస్టల్ పోటీ ఆ కాల్పులు సాగుతుండగానే జరిగింది. రష్యా షూటర్ నతాలియా పాదెరీనాకు రజతం, జార్జియా షూటర్ నీనో సలుక్వాద్జెకు కాంస్యం వచ్చాయి. ఇద్దరూ ఒకే జట్టులో ఆడిన రోజులు ఉన్నాయి, పాత స్నేహితులు. పతకాలు తీసుకున్న చోట అందరి ముందూ ఒకరినొకరు కావలించుకున్నారు. అదే సలుక్వాద్జె 1988లో సోల్‌లో మొదలుపెట్టి 2024లో పారిస్ దాకా పది ఒలింపిక్స్‌లో పాల్గొంది. 2016లో రియోలో ఆమె కొడుకు కూడా ఆమెతోపాటు ఒలింపిక్ షూటర్. ఎయిర్ పిస్టల్ ఒలింపిక్స్‌లో చేరింది కూడా ఆ 1988లోనే. అంటే ఈ ఆట ఒలింపిక్ జీవితం మొత్తాన్ని లైన్ మీద నిలబడి చూసిన మనిషి ఆమె.

పారిస్‌లోనే తుర్కియే షూటర్ యూసుఫ్ దికెచ్ ఫొటో ఊరూరా ఫోన్లలో తిరిగింది. మామూలు కళ్లజోడు, ఒక చెయ్యి జేబులో, 51 ఏళ్ల వయసు. మిశ్రమ జట్టులో షెవ్వాల్ ఇలాయ్‌దా తర్హాన్‌తో కలిసి రజతం గెలిచాడు. ఆ ఫొటో చూసి చాలామంది అతను నిర్లక్ష్యంగా నిలబడ్డాడనుకున్నారు. ఖాళీ చెయ్యిని జేబులోనో, బెల్టుకో ఆనించి ఉంచడం పిస్టల్ షూటర్లందరి అలవాటు. ఆ చెయ్యి వేలాడుతూ ఊగితే ఒళ్లంతా ఊగుతుంది. ఏ క్లబ్బుకు వెళ్లినా వరసగా నిలబడ్డ పదిమందిలో జేబులో చెయ్యి పెట్టుకున్నవాళ్లు నలుగురైదుగురు కనిపిస్తారు.

హైదరాబాద్ నుంచి

తెలుగు నేలకూ పిస్టల్‌కూ ఉన్న సంబంధం చెప్పాలంటే ఈషా సింగ్ దగ్గర మొదలుపెట్టాలి. 2005లో హైదరాబాద్‌లో పుట్టింది. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో, పదమూడేళ్ల వయసులో, మను భాకర్, హీనా సిద్ధూ వంటి అంతర్జాతీయ విజేతలున్న పోటీలో సీనియర్ మహిళల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, వాటిలో ఒకటి మను, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి గెలిచిన 25 మీటర్ల జట్టు స్వర్ణం. అయిదేళ్ల ముందు ఓడించిన మనుతోనే భుజం కలిపి నిలబడింది. ఈ ఆటలో అది వింత కాదు.

హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న రేంజ్ 2007లో ఇక్కడ జరిగిన ప్రపంచ సైనిక క్రీడల కోసం కట్టింది. ఈషా తరం షూటర్లు ఎదిగింది దాని చుట్టూనే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది కూడా హైదరాబాద్‌లోనే. ఆ రేంజ్ పెద్దది, మంచిది. కాకపోతే నగరానికి ఆ చివరనుంచి రావాలంటే పూటంతా పోతుంది. విజయనగరంలోనో, ఆదిలాబాద్‌లోనో, మదనపల్లెలోనో ఉన్న పిల్లలకు అదీ లేదు.

పైస్థాయిలో తేడా ఎంత సన్నగా ఉంటుందో మను భాకర్ కథ చెబుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో అర్హత పోటీ మధ్యలో ఆమె పిస్టల్ మొరాయించింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది. మిగిలిన షాట్లను తొందరలో కాల్చాల్సి వచ్చి 575 పాయింట్లతో పన్నెండో స్థానంలో ఆగిపోయింది. ఫైనల్‌కు రెండు పాయింట్లు తక్కువ. మూడేళ్ల తరవాత పారిస్ ఫైనల్‌లో 221.7తో కాంస్యం గెలిచినప్పుడు, ఆమెకూ పై స్థానంలో ఉన్న కొరియా షూటర్ కిమ్ యెజీకీ మధ్య అప్పటికి ఉన్న తేడా 0.1. రెండు రోజులు తిరక్కముందే సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మరో కాంస్యం. పిస్టల్ మొరాయిస్తే ఏం చేయాలి, గడియారం తరుముతుంటే శ్వాస ఎలా నిలుపుకోవాలి అన్న అనుభవాలు ఎవరికైనా ముందు చిన్న పోటీల్లోనే రావాలి. ఒలింపిక్స్ దాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఏం కావాలి

ఎయిర్ పిస్టల్‌కు తుపాకీ లైసెన్సు కావాలేమోనని చాలామంది వెనకాడతారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం, 4.5 మిల్లీమీటర్లు మించని గొట్టం, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టళ్ల శక్తి ఇందులో మూడో వంతు కూడా ఉండదు. 25 మీటర్ల పోటీల్లో వాడే .22 పిస్టల్ సంగతి వేరు, దానికి లైసెన్సు ఉండాలి. ఖర్చు మాత్రం నిజమైన అడ్డంకే. ఆస్ట్రియా, జర్మనీ, ఇటలీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చే పోటీ పిస్టల్ ధర లక్షల్లోనే. దీనికి మందు క్లబ్బులోనే ఉంది. క్లబ్బు కొన్న నాలుగు పిస్టళ్లను వంతులవారీగా వాడుకుంటే పాతికమంది పోటీ పడవచ్చు. గ్రిప్ కొలతలు అందరి చేతికీ సరిపోవు, మొదటి ఏడాది దాంతో పనిలేదు కూడా. అభ్యాసం కుదిరి స్కోరు నిలకడగా వస్తున్నప్పుడు సొంత పిస్టల్ గురించి ఆలోచించవచ్చు. పాత సభ్యులు కొత్తది కొన్నప్పుడు తమ పాతదాన్ని క్లబ్బులోనే మంచి ధరకు ఇచ్చిపోయే పద్ధతి చాలాచోట్ల ఉంది. అలా చేతులు మారిన పిస్టల్ గాలి సిలిండర్ మీద తేదీ చూసుకోవాలి, పదేళ్లు దాటితే పోటీలో వాడనివ్వరు.

స్థలం సంగతికొస్తే పది మీటర్ల దూరం, వెనక పటిష్ఠమైన గోడ, పెల్లెట్లను పట్టే ఇనుప పెట్టెలు, టార్గెట్ మీద మంచి వెలుతురు, పక్కనుంచి ఎవరూ చొరబడలేని తలుపులు ఉంటే సరి. సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ హాలు చాలు. ఈషా సాధనకు ఆమె తండ్రి మొదట్లో ఇంట్లోనే కాగితపు టార్గెట్ల రేంజ్ ఏర్పాటు చేశారు. రాష్ట్ర రైఫిల్ సంఘంతో మాట్లాడి, శిక్షణ పొందిన ఒక రేంజ్ అధికారిని పెట్టుకుని, పోలీసులకు తెలియజేసి మొదలుపెట్టగల పని ఇది. భారత జాతీయ రైఫిల్ సంఘం 1951లో పుట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి.మావలంకర్. ఈ ఆట సామాన్యుల్లోకి వెళ్లాలని ఆనాటి పెద్దలు అనుకున్నారు. డెబ్బై ఏళ్లు దాటినా జిల్లా కేంద్రాల్లో ఆ పని మిగిలే ఉంది.

హాలు దొరికాక మొదట కొనాల్సింది కప్పులూ పతకాలూ కాదు; నెలలో ఏ ఆదివారం పోటీయో తేల్చి గోడ మీద రాసిపెట్టాలి, ఎంతమంది వచ్చినా ఆ తేదీ మార్చకూడదు. మొదటి నెల అయిదుగురే వస్తారు. ఆ అయిదుగురి స్కోర్లూ పేర్లతో సహా బోర్డు మీద ఉండాలి, రెండో నెల పాత స్కోరు పక్కన కొత్తది రాయడానికి ఖాళీ వదిలి.